నిమ్మకాయంత డైరెక్టరుగారు

సముద్రం అడుగుకి దిగే ఆ బండికి పైవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. అది దాని ఒంటి మీద రంగుతో రాసి ఉంటుంది గాని ఎవరి నోటా వినబడదు. గుండ్రంగా, పసుపుపచ్చగా, నెత్తిన తొడిమలాంటి మూతతో ఉంటుంది కాబట్టి ఓడ మీద అందరూ దాన్ని గుమ్మడికాయ అంటారు. ముగ్గురు పడతారు. పడతారంటే, మోకాళ్ళు రాసుకుంటూ, ఒకరు తుమ్మితే ముగ్గురూ మొహం తుడుచుకునేటంత చోటులో పడతారు. మూడు కిటికీలు, ఒక్కొక్కటీ పళ్ళెమంత. ముందుది నడిపేవాడికి. ఎడమదీ కుడిదీ వెంట వచ్చినవాళ్ళకి.

దాన్ని నడిపే ఆయన్ని ఓడ మీద కుర్రకారంతా బాబాయి అనేవారు. ఆయనకంటే ఎక్కువసార్లు ఆ లోతుకి వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరు. వెళ్ళినవాళ్ళున్నా తిరిగి రాలేదు గనక లెక్కలోకి రారు. ఆయన మాత్రం ప్రతిసారీ తిరిగొచ్చి, చెప్పులేసుకుని, ఇంటికెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసుకునేవాడు.

ఇలాంటి బళ్ళున్న ప్రతిచోటా ఒక సరదా ఉంది. దిగేముందు బండి పక్క చట్రానికి ఒక వలసంచి కట్టి, అందులో థర్మకోల్ కప్పులు వేస్తారు. కింద నీటి బరువుకి థర్మకోల్లో ఉన్న గాలంతా అణిగిపోయి, కప్పు చితక్కుండా, ఉన్నది ఉన్నట్టే చిన్నదైపోతుంది. పైకొచ్చేసరికి వేలికి తొడుక్కునేటంత. దాని మీద రాసిన రాతా, వేసిన బొమ్మా కూడా దానితోపాటే కుంచించుకుపోతాయి. మిగతాచోట్ల అది సరదా. ఇక్కడ చట్టం.

చట్టం చేసింది బాబాయి భార్య. ఒకసారి, అప్పట్లోనే సంచి బాధ్యత చూస్తున్న ఆవిడ తమ్ముడు, పెద్ద పెద్దవాళ్ళ కప్పులన్నీ వేసి, ఓడలో వంటాయన కూతురి కప్పు మాత్రం చోటు లేదని వదిలేశాడట. ఆ సంగతి తెలిసి ఆవిడ రేవుకొచ్చి, తమ్ముణ్ణి అందరి ముందూ కడిగి ఆరేసింది. కప్పులు పెట్టే గోదాము బల్లని గట్టిగా ఒక్క చరుపు చరిచి, ఇకనుంచి ఈ బల్ల మీద ఉన్న థర్మకోల్ ఏదైనా సరే సంచిలోకి వెళ్ళాలి, ఎవరిదని అడక్కూడదు, ఎందుకని అడక్కూడదు అంది. బావమరిది ఆనాటినుంచీ ఆ మాట జవదాటలేదు. ఆవిడ పోయాక మరీ పట్టుదలగా పాటించాడు. ఊరివాళ్ళకి అలుసు దొరికింది. పిల్లల పేర్లు రాసిన కప్పులతో మొదలై, టీవీ పెట్టెల్లో వచ్చే అచ్చులూ, ఊడిపోయిన సీలింగు ముక్కలూ వచ్చి చేరాయి. ఒకాయనైతే తన ఇంటి నమూనా చేయించి తెచ్చాడు, ఇల్లు చిన్నదైతే పన్ను తగ్గుతుందేమోనని. అదీ సంచిలోకే వెళ్ళింది. పన్ను తగ్గలేదు.

ఆవిడ కూడా బాబాయి దిగిన ప్రతిసారీ ఒక కప్పు ఇచ్చేది. దాని మీద ఇంతేసి అక్షరాలతో "తొందరగా రా" అని రాసేది. పైకొచ్చేసరికి ఆ కేక గొణుగుడంత అయ్యేది. ఇంట్లో గూట్లో ఆ గొణుగుళ్ళు వరసగా ఉన్నాయి. వాటి చివర ఒక్కటి మాత్రం ఇంకా కేకగానే ఉంది. ఆసుపత్రి మంచం మీద, వచ్చేసారికి ఉంటుందిలే అని ముందుగా రాసిపెట్టిన కప్పు అది. ఆ వచ్చేసారి వచ్చింది, వెళ్ళింది, ఆ తరవాతివీ వెళ్ళాయి. కప్పు గూట్లోనే ఉంది. బావమరిది ప్రతిసారీ అడుగుతాడు. ఆయన ప్రతిసారీ, వచ్చేసారి వేద్దాంలే అంటాడు.

ఇప్పుడు వచ్చేసారి అనేది ఉండేలా లేదు.

కొత్తగా వచ్చిన డైరెక్టరుగారు గుమ్మడికాయని ఆపేద్దామనుకుంటున్నారు. తాడు చివర కెమెరా కట్టి వదిలితే పనైపోయేదానికి మనుషుల్ని ముంచడం ఎందుకని ఆయన వాదన. బండిని గేటు పక్కన పెట్టి, చుట్టూ పూలమొక్కలు వేయిస్తారట. మనిషి న్యాయమైనవాడు కాబట్టి సంతకం పెట్టేముందు ఒకసారి స్వయంగా దిగి చూస్తానన్నారు. కింద ఆయన మనసు మారితే బండి ఉంటుంది, లేకపోతే పూలమొక్కలు. ఇది ఓడలో చుక్కాని పట్టుకున్నవాడి దగ్గర్నుంచి గరిటె పట్టుకున్నవాడి దాకా అందరికీ తెలుసు.

ఆ ఉదయం బాబాయి గూట్లోంచి కప్పు తీసి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు. బల్ల దగ్గర బావమరిది సంచి సర్దుతున్నాడు. పక్కనే ఒక శిల్పి, చంకలో గుడ్డమూటతో, డైరెక్టరుగారి కోసం ఎదురుచూస్తూ తచ్చాడుతున్నాడు.

"బావా, ఇవాళైనా వేస్తావా? ఇదే ఆఖరుదంటున్నారు," అన్నాడు బావమరిది.

బాబాయి జేబులో చెయ్యి పెట్టాడు. కప్పు అంచు వేళ్ళకి తగిలింది. అక్షరాలు కూడా తగిలినట్టే అనిపించింది. చెయ్యి ఖాళీగా బయటికి తీసి, మొహం తిప్పుకుని బండి వైపు నడిచాడు. దిగేముందు సంచిని ఒకసారి తడిమి చూడటం నడిపేవాడి పని. ఆ గుబులులో ఆయన ఆ రోజు చూడలేదు.

గుమ్మడికాయలో ఎడమ కిటికీ దగ్గర డైరెక్టరుగారు కూర్చున్నారు. కుడి కిటికీ దగ్గర సముద్రపు పురుగుల మీద పరిశోధన చేసే డాక్టరమ్మ. ఆమెని ఓడలో పురుగులమ్మ అంటారు, ఆమె కూడా ఫోనెత్తి అలాగే చెప్పుకుంటుంది. మూత బిగించారు. బండి నీళ్ళలోకి దిగింది. దిగిన కాసేపటికే బాబాయికి ఏదో తేడాగా తోచింది. కుడిపక్క ఎవరో చంక కింద చెయ్యి వేసి లేపుతున్నట్టుగా బండి ఒరుగుతోంది. తేలే వస్తువేదో, పెద్దదే, అటుపక్క ఉందన్నమాట. సర్దుబాటు చేసుకుంటూ నడిపాడు. చిత్రమేమిటంటే, లోతుకి వెళ్ళేకొద్దీ ఆ చెయ్యి నెమ్మదిగా బలం తగ్గిపోతోంది.

డైరెక్టరుగారు గేటు పక్క వెయ్యబోయే పూలమొక్కల గురించి చెబుతున్నారు. పురుగులమ్మ తన వైపు దీపం వేసింది. వేసి, కిటికీలోంచి చూసి, ఆర్పేసింది. మళ్ళీ వేసింది.

"బాబాయ్," అంది మెల్లిగా. "కుడివైపు మనకి తోడు వస్తున్నారు."

బాబాయి మెడ సాచి చూశాడు. వలసంచిలో కప్పులన్నిటి మధ్యా డైరెక్టరుగారి తల ఉంది. తెల్లగా, కనుబొమలు ముడేసి, ఫైలు ఆలస్యమైనట్టు బండిలోకే చూస్తోంది. బాబాయి చటుక్కున ఎడమవైపు చూశాడు, అసలు తల ఉండాల్సిన చోటే ఉంది. తరవాత చంకలో మూటతో తచ్చాడిన శిల్పి గుర్తొచ్చాడు. కార్యాలయం హాల్లో పెట్టే కంచు విగ్రహానికి ముందుగా థర్మకోల్‌తో నమూనా చేయించారని విని ఉన్నాడు. డైరెక్టరుగారికి చూపించడానికి తెచ్చి, ఆయన ఫోనులో ఉంటే, చేతులు నొప్పెట్టి ఆ మూట ఎక్కడో ఒకచోట దించి ఉంటాడు. రేవంతటిలోనూ మూట దించడానికి వీలుగా ఉన్నది ఒక్క బల్లే.

పొద్దున్న మనిషి తలంత ఉండి ఉంటుంది. ఇప్పుడు కొబ్బరికాయంత ఉంది.

ఏముందక్కడ అని అడిగారు డైరెక్టరుగారు. పురుగులమ్మ చటుక్కున జెల్లీచేప అని చెప్పింది. ఎంత పెద్దదని అడిగారు. చాలా పెద్దదేనని, కాని తగ్గుతోందని నిజమే చెప్పింది. ఆయన ఇటు జరగబోతే, బాబాయి ఇద్దరూ ఒకేవైపుంటే బండి ఒరుగుతుందని భయపెట్టాడు. మూడు మోకాళ్ళ దూరంలో, ఒక మనిషికి తన తల కనబడకుండా కాపలా కాయడం ఎంత కష్టమో ఆ రోజు వాళ్ళిద్దరికీ తెలిసొచ్చింది. గాజు మీద ఆవిరి పడితే పురుగులమ్మ తుడవడం మానేసింది. బాబాయి అంతకుముందెప్పుడూ లేనట్టుగా ఎడమవైపు వింతలు చూపిస్తూ పోయాడు. అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. చీకటినే చూపించాడు. కుడివైపున తల బత్తాయంత అయింది.

అడుగు కనబడింది. బాబాయికి అదంటే ప్రాణం. ఎన్నిసార్లు చూసినా కొత్తింట్లోకి అడుగు పెడుతున్నట్టే ఉంటుంది. కొవ్వొత్తులు కరిగి గడ్డకట్టినట్టు రాళ్ళ గొట్టాలు నిలువునా లేచి ఉంటాయి. వాటి నోళ్ళలోంచి వేడినీటి బుగ్గలు నల్లగా, పొగలా ఎగజిమ్ముతుంటాయి. సీసం కరిగిపోయే వేడి అది. రెండు బారల అవతల చెయ్యి పెడితే కొంకర్లు పోయే చలి. ఆ వేడికీ ఈ చలికీ మధ్య, గోరువెచ్చగా ఉన్న సన్నటి సందులో, ఎండ మొహం ఎరగని ప్రాణాలు కాపురాలు పెట్టుకుని ఉంటాయి. తెల్లటి గొట్టాల్లోంచి ఎర్రటి ఈకలు చాపే పురుగులు, పాలరంగు పీతలు. ఇంత లోకంలో బతకడానికి ఆ సందైనా దొరికింది కదా అని బాబాయికి ఎప్పుడూ అనిపించేది.

బుగ్గలు కుడివైపున్నాయి. ఆయన బండిని వెనక్కి తీసి, మొత్తం ఒక చుట్టు తిప్పి, ఎడమ కిటికీకి ఎదురుగా తెచ్చాడు. అంత చాకచక్యంగా ఆయన ఏనాడూ నడపలేదు. మెచ్చుకునేవాళ్ళు లేరు.

డైరెక్టరుగారు చాలాసేపు చూశారు. నీళ్ళలోకి నీళ్ళు రావడంలో విశేషమేముందన్నారు. పొగగొట్టమే చూడాలంటే తమ వీధి చివర ఫ్యాక్టరీకి ఉందన్నారు. పురుగులమ్మ ఎర్ర ఈకల పురుగుల్ని చూపించి, వాటికి నోరు గాని కడుపు గాని లేవని, ఒంట్లో ఉండే సూక్ష్మజీవులు వండిపెడితే కదలకుండా బతికేస్తాయని ఎంతో ఆశగా చెప్పింది.

"మా ఆఫీసులోనూ ఉన్నారమ్మా," అన్నారాయన. "కాకపోతే వాళ్ళకి నోరుంటుంది."

తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, జాలిగానే అన్నారు. "ఏమనుకోకండి పైలట్‌గారూ. ఇదంతా కెమెరా చూస్తుంది. మనిషే వచ్చి చూడాల్సింది ఇక్కడ ఏముంది చెప్పండి?"

బాబాయికి గేటు పక్కన పూలమొక్కలు కళ్ళ ముందు కదిలాయి. చేతులు అలిసిపోయాయి, అబద్ధాలాడి నోరు కూడా. జేబులో కప్పు ఛాతీకి ఒత్తుకుంటోంది. ఆవిడే ఈ బండిలో ఉంటే ఏమనేదో ఆయనకి తెలుసు. ఎవరిదని అడక్కు, ఎందుకని అడక్కు, వాళ్ళది వాళ్ళకి చూపించు అనేది. ఎలాగూ పోయే బండి. పోయేముందు ఒక్క నిజం చూపించి పోతే నష్టమేముంది?

"కుడి కిటికీలోంచి ఒకసారి చూడండి సార్," అన్నాడు. "అక్కడ మీరున్నారు."

పురుగులమ్మ కళ్ళు మూసుకుంది. డైరెక్టరుగారు ఆమె మోకాళ్ళ మీదుగా ఒంగి, గాజు మీది ఆవిరి రుమాలుతో తుడిచి, దీపం వెలుగులో చూశారు. బండి ఒరగలేదు.

వలసంచి కన్నాల్లోంచి నిమ్మకాయంత డైరెక్టరుగారు బయటికి చూస్తున్నారు. ముక్కు, చెవులు, నున్నగా దువ్విన జుట్టు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. అణగడంలో కనుబొమల ముడి మాత్రం ఎలా ముడుచుకుందో, కోపంగా కాక, ఏదో మరిచిపోయి గుర్తుతెచ్చుకుంటున్నట్టుంది.

ఆయన గాజుని ఇంకోసారి తుడిచి, "అది నేనేనా?" అన్నారు.

"మీరే సార్. పొద్దున్న బల్ల మీద ఉన్నారు."

"ఎంతయ్యాను?"

"నిమ్మకాయంత."

కేకలేస్తారని బాబాయి మెడ లోపలికి లాక్కుని కూర్చున్నాడు. ఆ గదిలో కేకేస్తే తప్పించుకోవడానికి చోటుండదు. కాని అప్పుడే ఒక పీత, తెల్లటిది, రాయి మీంచి చట్రం మీదికీ, చట్రం మీంచి సంచి మీదికీ ఎక్కి, తీరిగ్గా తలని చేరుకుంది. ముందు కాలొకటి చాపి నుదురు తాకింది. తరవాత చెంప మీద వేసి, తీసి, మళ్ళీ వేసింది.

"ఏం చేస్తోందమ్మా అది?"

"దానికి కళ్ళు కనపడవు సార్. తడిమి చూస్తోంది."

"ఏం తేల్చిందట?"

పురుగులమ్మ కాస్త మొహమాటపడింది. "తినడానికి పనికిరారని తేలిపోయే ఉంటుంది సార్. ఐనా ఎందుకో వెళ్ళడం లేదు."

పీత మాత్రం చెంప నిమురుతూనే ఉంది. బాబాయి బ్యాటరీ ముల్లు చూశాడు. లేవాల్సిన వేళ దగ్గరపడింది. ఆ మాటే చెప్పాడు. డైరెక్టరుగారు గాజుకి ముక్కు ఆనించి ఉన్నారు. లేస్తే దాని గతేమిటని అడిగారు. అది ఇక్కడి బరువులో పుట్టిన ప్రాణమని, పైకి తీసుకెళ్తే దక్కదని పురుగులమ్మ చెప్పింది. బండికున్న ఇనప చేత్తో నెట్టేస్తే సరిపోతుందని కూడా అంది.

"తోసెయ్యకండి," అన్నారు డైరెక్టరుగారు. "దిగేదాకా ఆగుదాం."

బాబాయి దీపాలు ఆర్పేశాడు. వెచ్చదనమిచ్చే యంత్రం కట్టేశాడు. మిగిలిన కరెంటంతా పైకి వెళ్ళడానికి దాచిపెట్టాడు. తన స్వెట్టరు తీసి డైరెక్టరుగారి భుజాల మీద కప్పాడు. సముద్రం అడుగున, కటిక చీకట్లో, ముగ్గురు మనుషులు ఒక పీత దిగడం కోసం కూర్చున్నారు. మధ్యమధ్య పురుగులమ్మ చేతిదీపం వేసి చూసి, ఉందండీ అని చెప్పి ఆర్పేది.

చీకట్లో డైరెక్టరుగారి గొంతు వినబడింది. మామూలుగా వినబడేదానికంటే చిన్నగా ఉంది.

"మా ఇంట్లో అందరూ నాకు నమస్కారం పెడతారండీ. మనవరాలు కూడా. నాలుగేళ్ళ పిల్ల. రెండు చేతులూ ఎత్తి, వంగి మరీ పెడుతుంది." స్వెట్టరు దగ్గరికి లాక్కున్న చప్పుడైంది. "చెంప ముట్టుకోవాలంటే ఎవరికైనా అందాలి కదా. మా అమ్మ పోయాక అంత దగ్గరికి ఎవరొచ్చారో గుర్తు లేదు."

బాబాయి చీకట్లో జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

ఇంకోసారి దీపం వేసినప్పుడు పీత లేదు. సంచి మీంచి దిగి, ఎర్ర ఈకల పురుగుల మధ్య దాని పని అది చూసుకుంటోంది. దిగిందని ముందుగా చెప్పింది డైరెక్టరుగారే. బాబాయి బండిని ముంచి ఉంచే ఇనపబరువులు వదిలాడు. గుమ్మడికాయ లేచింది.

పైన రేవులో పెద్ద గొడవగా ఉంది. డైరెక్టరుగారి తల పోయిందని శిల్పి గుండెలు బాదుకుని ఏడుస్తుంటే, అసలు సంగతి తెలియనివాళ్ళు పోలీసులకి కబురు పెట్టారు, ఇంకా తెలియనివాళ్ళు ఆ రోజుకి సెలవిచ్చేసుకున్నారు. మూత తెరుచుకుని డైరెక్టరుగారు తలతో సహా బయటికి రావడం చూసి ఒక గుమాస్తా కూలబడిపోయాడు. బావమరిది అయితే, గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కముందే ఎదురొచ్చాడు.

"బల్ల మీద ఉంటే సంచిలోకేనండి. మా అక్క పెట్టిన రూలు. నన్ను తీసేసినా సరే, రూలు తియ్యకండి."

డైరెక్టరుగారు అతన్ని దాటుకుని వెళ్ళి, సంచిలోంచి తలని తీసి అరచేతిలో పెట్టుకున్నారు. చెంప ఉన్నచోట బొటనవేలితో ఒకసారి రాశారు. తరవాత బాబాయి వైపు తిరిగారు.

"పొద్దుట్నుంచీ నన్ను ఎడమవైపే చూడనిచ్చారు."

"తప్పయింది సార్."

"తప్పు కాదండీ. తాడు చివర కెమెరాకి ఆ తెలివి ఉండదు. అది దేన్నీ దాచదు, దేన్నీ చూపించదు. ఊరికే చూస్తుంది." స్వెట్టరు విప్పి మడతపెట్టి ఇస్తూ, "దాచడానికీ, చూపించడానికీ మనిషుండాలి," అన్నారు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. బండి అసలు పేరు ఎవరికీ గుర్తు రాక, ఎవరూ రేవుదాకా వెళ్ళి చదివి రాక, ఉత్తర్వులో గుమ్మడికాయ యథాప్రకారం కొనసాగును అనే పడింది. విగ్రహం కూడా కొనసాగింది. హాలు మధ్యలో మనిషెత్తు రాతిదిమ్మ కట్టారు. దాని మీద నిమ్మకాయంత కంచు తల పెట్టారు, డైరెక్టరుగారు అంతే కావాలన్నారు. వచ్చిన పెద్దలు దిమ్మ చుట్టూ తిరిగి, విగ్రహం ఇంకా రాలేదా అని అడుగుతుంటారు. ఒక్క మనవరాలు మాత్రం తాతయ్య చంకనెక్కి చూసి, నమస్కారం పెట్టబోయి, అంత చిన్నదానికి ఎందుకులే అనుకుందేమో, వేలితో దాని చెంప గిచ్చింది. తరవాత అదే చేత్తో తాతయ్యదీ గిచ్చింది. ఆ పూట ఆయన ఫైళ్ళేవీ చూడలేదని చెప్పుకున్నారు.

తరవాతిసారి గుమ్మడికాయ దిగే రోజున బాబాయి రేవుకొచ్చేసరికి బల్ల మీద చోటు లేదు. శిల్పి చేతికి అంత పని ఎప్పుడూ దొరికి ఉండదు. పద్దులు రాసే ఆయన తల, వంటాయన తల, ఆరోజు కూలబడ్డ గుమాస్తా తల, అన్నీ తెల్లగా వరసగా కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నాయి. మూలగా బావమరిదిది కూడా ఉంది. అది తనది కాదన్నట్టుగా అతను అటు చూడకుండా సంచి సర్దుతున్నాడు.

బాబాయి ఈసారి సంచిని పైనుంచి కిందిదాకా తడిమి చూశాడు. ఒక్కో తలనీ సర్ది, వంటాయన కూతురి కప్పుకి ఒత్తిడి లేకుండా చోటు చేశాడు. బావమరిది సంచి మూతి పట్టుకుని ఆగాడు.

"బావా, ఇవాళైనా వేస్తావా?"

బాబాయి జేబులోంచి కప్పు తీశాడు. వెలుతురులో పెట్టి చూశాడు. ఇంతేసి అక్షరాలు, ఆసుపత్రి మంచం మీద కాస్త వంకరపోయినా, అంత దూరం నుంచీ కేకేస్తూనే ఉన్నాయి. మళ్ళీ జేబులో పెట్టుకుని, పైన చేత్తో ఒకసారి తట్టుకున్నాడు.

"వచ్చేసారి వేద్దాంలేరా," అని, బండెక్కాడు.